లాగ్ ఫైలు ఖాళీగా కనిపిస్తే

తెలంగాణ భూ హక్కుల రికార్డులకు సంబంధించిన భూభారతి చట్టం అమలుకు 2025 ఏప్రిల్‌లో ప్రయోగాత్మకంగా ఎంపికైన నాలుగు మండలాలలో కామారెడ్డి జిల్లా, ఎల్లారెడ్డి నియోజకవర్గంలోని లింగంపేట ఒకటి. రైతుల భూముల వివరాలు డేటాబేస్‌లకు చేరిన ఈ కాలంలో, సర్వర్‌లో ఏ క్షణాన ఏమి జరిగిందో వరుసగా నమోదు చేసే లాగ్ ఫైలు ఎంతో విలువైన సాక్ష్యం.

లినక్స్ సర్వర్లలో ఈ ఫైళ్లు పెరిగిపోయి డిస్కును నింపివేయకుండా, లాగ్‌రొటేట్ అనే ప్రోగ్రాము పాత ఫైలుకు పేరు మార్చి, కొత్తదానిని సృష్టించి, గడువు తీరినవాటిని తొలగిస్తుంది. అయితే డేటాబేస్ ప్రోగ్రాము ఫైలును పేరుతో కాక, తెరిచినప్పుడు లభించిన సంఖ్యతో గుర్తిస్తుంది గనుక, మళ్లీ తెరవమని ఆదేశం అందేదాకా పాత ఫైలులోనే రాస్తూ పోతుంది. కొత్తది సున్నా బైట్లతో ఉండిపోతుంది. పాతది తొలగిపోయినా, తెరిచి ఉన్న ఫైళ్ల జాబితా ఇచ్చే ఎల్‌ఎస్‌ఓఎఫ్ ఆదేశం దానిని ‘డిలీటెడ్’ అన్న గుర్తుతో చూపుతుంది. డేటాబేస్ నడుస్తున్నంతసేపు ప్రాక్ డైరెక్టరీ ద్వారా దానికి నకలు తీసుకోవచ్చు, ఆపితే మాత్రం అది చేజారిపోతుంది. కంగారుపడి రీస్టార్ట్ చేయడమే ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు.

డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ అయితే, ఫైలు మారిన వెంటనే ‘ఫ్లష్ లాగ్స్’ ఆదేశం వెళ్లేలా, కొత్త ఫైలులో రాసే అనుమతి డేటాబేస్ ఖాతాకు ఉండేలా నిర్వాహకులు ముందుగానే సరిచూసుకోవాలి.