దామోదర్ నీళ్లు ఎవరి కోసం?



ఈ రోజు మనం దామోదర్ నది గురించి మాట్లాడుకుందాం. ఎక్కడో జార్ఖండ్, బెంగాల్‌లో ఉన్న నదితో మనకేం పని అనుకోవద్దు. అది కొండల్లో పుట్టి, బొగ్గు గనుల మధ్య నడిచి, చివరికి వరి పొలాలకు చేరుతుంది. పైన ఏం చేసినా కింద అనుభవించేది రైతే.

ఛోటా నాగపూర్ కొండల్లో పుట్టిన దామోదర్ సుమారు 590 కిలోమీటర్లు పారి హుగ్లీలో కలుస్తుంది. దారిలో బొకారో, ఝరియా, రాణీగంజ్ బొగ్గు గనులున్నాయి. రాణీగంజ్‌లో 1774లోనే తవ్వకం మొదలైంది. ఝరియాలో 1916లో భూమి లోపల అంటుకున్న మంటలు నేటికీ పూర్తిగా ఆరలేదు. బొగ్గు కడిగిన నీరు, థర్మల్ కేంద్రాల బూడిద ఆ నదిలోకే చేరాయి.

1943లో పెద్ద వరద వచ్చింది. ఆ తర్వాత, 1948లో, దామోదర్ లోయ కార్పొరేషన్ ఏర్పడింది. వరద ఆపుతామన్నారు, సాగునీరు, కరెంటు ఇస్తామన్నారు. తిలైయా, కోనార్, మైథాన్, పంచేత్ ఆనకట్టలు 1953-1959 మధ్య లేచాయి. దుర్గాపూర్ బ్యారేజీ కాలువలతో బర్ధమాన్ పొలాలు తడిశాయి. ఆ మేలును మేము కాదనం.

మరి మునిగిన ఊళ్ల సంగతి? పంచేత్ ప్రారంభంలో నెహ్రూ ఒక సంతాల్ కూలీ అమ్మాయి చేత మీట నొక్కించారు. కానీ భూములు పోయినవాళ్లు ఉద్యోగాల కోసం దశాబ్దాలు పోరాడాల్సి వచ్చింది. అనుకున్న ఆనకట్టలన్నీ కట్టలేదు, జలాశయాల్లో పూడిక పేరుకుంది. పైనుంచి నీళ్లు వదిలితే దిగువ బెంగాల్ పొలాలు మునగడం ఆగలేదు.

మన గోదావరి ఒడ్డున కూడా సింగరేణి గనులున్నాయి, థర్మల్ కేంద్రాలున్నాయి. అందుకే ఏ గని, ఏ ప్రాజెక్టు వచ్చినా మనం ముందే అడుగుదాం: సాగుకు ఎంత నీరు? గని నీరు, బూడిద ఎటు పోతాయి? భూమి పోయినవాడికి ఏమిస్తారు, ఎప్పుడిస్తారు? జవాబులు నోటిమాటగా కాదు, గ్రామసభ ముందు రాతపూర్వకంగా కావాలి. ఒక్కొక్కరం అడిగితే వినరు. సంఘంగా అడుగుదాం.