మెస్ కొనుగోలు నుంచే మొదలుపెడదాం



విశ్వవిద్యాలయంలో సేంద్రియ సేద్యం అనగానే ముందుగా తోచేది ఒక ప్రదర్శన మడి. గ్రంథాలయం వెనక కాస్త జాగా, పక్కనే వానపాముల ఎరువు తొట్టి. మడి ఉండాల్సిందే. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాంటా క్రూజ్ ప్రాంగణంలో 1967లో అలన్ చాడ్విక్ అనే తోటమాలి విద్యార్థులతో కలిసి కొండవాలులో వేసిన తోట, తర్వాత సేంద్రియ సేద్యం నేర్పే పెద్ద శిక్షణ క్షేత్రానికి పునాది అయింది. అయినా వేలమంది తినే తిండి మడిలో పండదు. హాస్టల్ మెస్సుకు రోజూ దిగే బియ్యం, కందిపప్పు, కూరగాయలు ఎవరి పొలంలోవో అడగనంత కాలం మన సేంద్రియం పాఠం దగ్గరే ఆగిపోతుంది.

ప్రాంగణాలకు జనం తిండిని మార్చే శక్తి ఎక్కడిదని అనుకోకండి. వ్యవసాయ విశ్వవిద్యాలయపు బాపట్ల పరిశోధన మళ్లలో రూపుదిద్దుకుని 1986లో విడుదలైన బీపీటీ 5204ను మనం సాంబ మసూరి అంటున్నాం. ఇవాళ దాని అన్నం తినని తెలుగు ఇల్లు అరుదు.

ఇప్పుడు రైతు వైపు నుంచి చూడండి. యూరియా, పురుగుమందు మానేసిన తొలి ఏళ్లలో చాలా పొలాల్లో దిగుబడి తగ్గుతుంది. నేల కోలుకోవడానికి సమయం పడుతుంది. ఏడాది పంటలకు సేంద్రియ ధ్రువీకరణ రావాలంటే రెండేళ్ల పరివర్తన కాలం గడవాలి. అందాకా ఆ పంటను సేంద్రియమని చెప్పి అమ్ముకునే వీలు లేదు. కష్టం కొత్త సేద్యానిది, ధర పాత బజారుది. జనగామ జిల్లా ఏనబావిలో ఊరంతా కలిసి రసాయనాలు వదిలేసింది కాబట్టి ఒకరికొకరు తోడయ్యారు. ఒంటరి రైతుకు ఆ రెండేళ్లూ నమ్మకంగా కొనేవాళ్లు కావాలి. మన మెస్ ఆ పని చేయగలదు. కానీ టెండరులో తక్కువ ధర వేసినవారికే సరఫరా అప్పగించాలన్న ఒక్క నిబంధన ఆ రైతును గేటు దగ్గరే ఆపేస్తోంది.

పెద్ద వంటశాల తలచుకుంటే దారి దొరుకుతుంది. తిరుమల ప్రసాదాల కోసం ప్రకృతి సేద్యపు సరుకులు కొనడానికి తిరుమల తిరుపతి దేవస్థానం 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ రైతు సాధికార సంస్థతో ఒప్పందం చేసుకుంది.

అన్నీ ఒకేసారి వద్దు. కందిపప్పు, బెల్లం, ఆకుకూరలతో ఆరంభిద్దాం. ఆకుకూరలు ఎందుకంటే, మందు కొట్టిన రెండో రోజే కోతకు వచ్చే ప్రమాదం వాటికే ఎక్కువ. పైగా చుట్టుపక్కల ఊళ్లలోనే పండుతాయి. రసాయనశాస్త్ర విభాగం నెలనెలా అవశేషాలు పరీక్షించి, ఆ ఫలితాన్ని భోజనశాల గోడకు అంటించాలి. ధరలో తేడాను మాత్రం విద్యార్థి మెస్ బిల్లులో కలపకూడదు. స్కాలర్‌షిప్పు మీద చదువుకునే పిల్లల జేబులోంచి తీసి నేలను బాగుచేస్తామనడం అన్యాయం. ఆ భారం విశ్వవిద్యాలయమే మోయాలి. పళ్లాల్లో మిగిలి పారబోస్తున్న అన్నాన్ని రోజూ తూకం వేసి తగ్గించుకుంటే, ఆ తేడాకు కావాల్సిన సొమ్ములో కొంత అక్కడే దొరుకుతుంది.

కులసచివులకు ఒక్క మనవి. రైతులతో ఒప్పందం రోహిణి కార్తెలోపే ముగియాలి. మృగశిరలో కంది విత్తే మనిషికి, పప్పు ఎవరు కొంటారో విత్తనం చేతిలోకి తీసుకునేటప్పుడే తెలియాలి.