గుమ్మమున కుర్చీ



మెదకు మహాదేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడినది. కరవు రోజులలో పోస్నెట్ దొరగారు పనికి కూడు పెట్టి కట్టించిన సంగతి మీరెరిగినదే. నేను మా నాయనగారి సంగతి చెప్పెదను. ఆయన రిటైరైన పంతులు. చిన్నతనమున ఎడ్లబండిలో గడ్డి పరచుకొని ఆ పండుగకు వెళ్లెడివారట. ఇప్పుడు మోకాళ్ల నొప్పులతో గడప దాటరు.

నిరుడు పాటల గుంపును నడిపినది నేనే. రాత్రి రెండు దాటినది, నిద్రించియుందురని మా వీధి విడిచితిమి. తెల్లవారి వెళ్లగా గుమ్మమున కుర్చీ, పళ్లెములో చలికి బిగిసిన అరిసెలు.

“దూరముగా వినబడినది లేరా,” అన్నారు.

ఈ యేడు మొదటి పాట అక్కడనే పాడితిమి. నాయనగారు శ్రుతి తప్పినను అందరికంటె గట్టిగా పాడిరి. అరిసెలు మాత్రము నాకు ఆఖరున ఇచ్చిరి.