మర వారిది, వడ్లు మనవి

శ్రోతలకు నేడొక సహకార వృత్తాంతమును విన్నవింపగోరుచున్నాము. సూపర్ కంప్యూటరును నెలకొల్పుట పెక్కు విశ్వవిద్యాలయములకు తలకు మించిన భారము. పారిస్ చెంత ఓర్సేలో గల ‘జాన్ జే’ యను తన యంత్రమును 2022లో ఫ్రాన్సు దేశము బిగ్ సైన్స్ అను పరిశోధక బృందమునకు వాడుకొననిచ్చినది. నానాదేశముల పరిశోధకులు వేయిమందికి పైగా ఆ బృందమున పాల్గొనిరి. మార్చి మొదలు జూలై వరకు 384 ప్రాసెసర్లు పనిచేసి, ‘బ్లూమ్’ అను కృత్రిమ మేధకు 46 భాషలు నేర్పినవి. అందు తెలుగును కలదు. అయితే దానిచే చదివించిన వాఙ్మయమున మన భాష పాలు నూటికి 0.09 మాత్రమే, వేయింట ఒక వంతైనను కాదు. మన పుస్తకములను, పత్రికలను కంప్యూటరు చదువగల అక్షరరూపమున సమకూర్చుట పరుగువారి పని కాదు, మన పని. మర యిచ్చువారు ఉన్నారు. వడ్లు మనమే తీసికొనిపోవలెను.