మొద్దుబారిన కట్టర్‌కు మళ్లీ పదును
(సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం లీడర్ చేసిన ప్రసంగం)

నేను పదో తరగతి వరకే చదువుకున్నాను. మైకు ముందు మాట్లాడటం పెద్దగా అలవాటు లేదు. తప్పులుంటే మన్నించండి.

మాది హైదరాబాద్‌లో బాలానగర్ పక్క బస్తీ. ఆ చుట్టుపక్కల ఏ గల్లీలోకి పోయినా లేత్ చప్పుడే వినిపిస్తుంది. మా ఇంటి ముందు గదిలో కూడా ఒక లేత్, ఒక మిల్లింగ్ మెషిన్ ఉన్నాయి. మా ఆయన పెద్ద కంపెనీలకు పార్ట్‌లు చేసే వాళ్ల దగ్గర చిన్న చిన్న జాబ్‌లు తెచ్చి చేస్తాడు. నేను మొదట్లో ఊడ్చేదాన్ని, తయారైన పీసుల అంచులు ఫైలుతో రుద్దేదాన్ని. అంతకు మించి మెషిన్ ముట్టలేదు.

మిల్లింగ్ మెషిన్‌లో ఇనుమును కోసేది కట్టర్. చూడటానికి డ్రిల్ బిట్ లెక్కనే ఉంటుంది గానీ పక్కలకు కూడా పళ్లుంటాయి, అడుగున కూడా పళ్లుంటాయి. మన కత్తిపీట మొద్దుబారితే వంకాయ తెగదు, నలుగుతుంది. కట్టరూ అంతే. మొద్దుబారితే కోయదు, రుద్దుతుంది. చప్పుడు మారుతుంది, జాబ్ వేడెక్కుతుంది, అంచుల మీద ముళ్లలాగ బర్ లేస్తుంది. అయినా అట్లనే నడిపిస్తే ఒకరోజు పుటుక్కున విరుగుతుంది.

మేం వాడే 12 ఎం.ఎం. కట్టర్ ఒక్కటి దాదాపు 700 రూపాయలు. నెలకు ఆరు కొనేవాళ్లం. అంటే 4,200. పాతవి డబ్బాలో పడేసి, నిండినాక తుక్కుకు అమ్మేవాళ్లం. ఇంటి ఖర్చులు రాసేది నేనే కాబట్టి ఆ లెక్క నాకు కండ్లల్ల పడింది. పాల ఖర్చు కంటే కట్టర్ల ఖర్చు ఎక్కువైంది.

అప్పుడే మన సంఘంలో 60,000 అప్పు అడిగాను. కట్టర్లకు సాన పట్టే చిన్న గ్రైండర్ సెకండ్ హ్యాండ్‌లో ఉందని, కొంటానని చెప్పాను. ఒక అక్క అడిగింది: "కుట్టు మిషన్ అంటే అర్థమైతది, ఇది ఆడోళ్ల పనేనా?" ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. అయినా తీర్మానం రాసి, సంతకాలు పెట్టి ఇచ్చారు. 24 కిస్తీలు.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. దాని కోసమే ఈ రోజు మైకు తీసుకున్నాను.

మెషిన్ వచ్చిన కొత్తలో హుషారులో కట్టర్ పక్క పళ్లు సాన పట్టాను. తళతళ మెరిసింది. మా ఆయన దాంతో 20 పీసులకు గాడి కొట్టాడు. కట్టర్ ఎంత లావుంటే గాడి అంత వెడల్పు వస్తుంది. పక్క పళ్లు అరగదీస్తే కట్టరే సన్నబడుతుందన్న సంగతి నేను ఆలోచించలేదు. 12 ఉండాల్సింది 11.8 అయింది. నేను కొలవలేదు, రాయలేదు, ఆయనకు చెప్పలేదు. గాడిలో కీ పట్టలేదు. పార్టీ మొత్తం సరుకు వాపస్ పంపింది. మళ్లీ బిగించి గాడి వెడల్పు చేయబోతే ఐదు పీసులు సెంటర్ తప్పాయి. వాటి సరుకు ఖర్చు 4,500 మా నెత్తిన పడింది. ఆ తర్వాత రెండు నెలలు కిస్తీ కట్టలేకపోయాను.

సంఘం మీటింగ్‌కు పోవాలంటే కాళ్లు ఆడలేదు. లీడర్‌నై ఉండి కిస్తీ ఎగ్గొట్టిందంటారని భయం. ఒక మీటింగ్ తప్పించుకున్నాను కూడా. రెండోదానికి పోయి, జరిగింది జరిగినట్టు చెప్పాను. అక్కలు తిట్టలేదు. ఈ రెండు నెలలు వడ్డీ కట్టు, అసలు తర్వాత సర్దు అన్నారు. ఆడోళ్ల పనేనా అని అడిగిన అక్కనే ఒక మాట అన్నది: "మనం పది రూపాయలు పొదుపు చేసినా పుస్తకంలో రాస్తాం గదా, నువ్వు కట్టర్ కొలత ఎందుకు రాయలే?"

ఆ మాటతోనే నా పని మారింది. ఇప్పుడు ప్రతి కట్టర్‌కు ఒక నంబర్, పుస్తకంలో ఒక వరస. సాన ముందు కొలత, తర్వాత కొలత, తేదీ. సన్నబడిన కట్టర్‌ను గాడి పనికి ఇవ్వను. పైపైన చదును చేసే పనికి వేరే డబ్బాలో పెడతాను.

ఇంకొకటి నేర్చుకున్నాను. కట్టర్ అంతా ఒకేసారి అరగదు. ఎక్కువగా కింది మూలలే అరుగుతాయి. అందుకని అరిగిన ఆ నాలుగైదు ఎం.ఎం. ముక్కను కోసేసి, కొత్త అడుగు పళ్లు తయారుచేస్తే చాలు. పొడవు తగ్గుతుంది గానీ లావు అట్లనే ఉంటుంది. నాలుగు పళ్ల కట్టర్‌ను చదరపు పట్టులో బిగిస్తే, ఒక్కో పక్కకు ఒక్కో పన్ను వస్తుంది. మూడు పళ్లదైతే ఆరు పక్కల పట్టు కావాలి. ఒక పన్ను అయినాక సెట్టింగ్ కదపకుండా పట్టు మాత్రమే తిప్పాలి. అప్పుడే నాలుగు పళ్లూ ఒకే ఎత్తులో ఉంటాయి. ఒక పన్ను ఎత్తుంటే భారం అంతా దాని మీదనే పడుతుంది. సంఘంలో ఒక్కరే అందరి కిస్తీ కట్టినట్టు.

అంచు వెనక భాగం కొద్దిగా వాలుగా, ఆరేడు డిగ్రీలు ఉండాలి. లేకుంటే వెనక మడమ జాబ్‌కు రుద్దుకుంటుంది. మరీ ఎక్కువ వాలు పెడితే అంచు బలహీనమై పెచ్చు లేస్తుంది. నడుమ భాగం అంచుల కంటే ఒకటి రెండు డిగ్రీలు లోపలికి ఉండాలి. ఒకేసారి ఎక్కువ తీయొద్దు. అంచు నీలం రంగు తిరిగిందంటే కాలిందని అర్థం. నిమ్మళంగా కొంచెం కొంచెమే తీయాలి. మామూలు హైస్పీడ్ స్టీల్ కట్టర్లకు తెల్ల వీల్ వాడతాను. కార్బైడ్ కట్టర్లకు డైమండ్ వీల్ వేరే కావాలి. దాని దుమ్ము ఊపిరితిత్తులకు చేటు కాబట్టి ఆ పని నేను ఒప్పుకోను.

జాగ్రత్తలు కూడా చెప్పాలి. పైట బిగించి దోపుకోవాలి, జడ ముడి వేసుకోవాలి, గాజులు తీయాలి, కండ్లద్దాలు తప్పక పెట్టాలి. తిరిగే వీల్ దగ్గర చేతికి గ్లౌజులు వేసుకోవద్దు, లాక్కుంటాయి. కొత్త వీల్‌ను కట్టె పిడితో మెల్లగ తట్టి చూడాలి. ఖంగుమంటే మంచిది, డబ్బుమంటే పగులుంది. స్విచ్ వేసినాక ఒక నిమిషం పక్కకు నిలబడాలి.

ఇప్పుడు లెక్క చెప్తాను. నెలకు ఆరు కట్టర్లు కొనే కాడ రెండు కొంటున్నాం. పక్క షాపుల వాళ్లు కూడా తెచ్చిస్తున్నారు. కట్టర్‌కు 80 రూపాయలు. నెలకు ముప్పై దాకా వస్తాయి. వీల్, కరెంటు ఖర్చు పోను కిస్తీ కట్టి కొంత మిగులుతుంది. ఆగిన అసలు కూడా కట్టేశాను. ఇంకా 9 కిస్తీలు ఉన్నాయి.

మన పంచసూత్రాల్లో పుస్తకాల నిర్వహణ ఒకటి. అది సంఘం కోసమే అనుకునేదాన్ని. మన పనికి కూడా పుస్తకం ఉండాలని నష్టపోయినాక తెలిసింది. ఇంకో మాట. కిస్తీ ఆగినప్పుడు మీటింగ్ మానేయొద్దు. నేను మానేసిన ఆ ఒక్క నెల నాకు నిద్ర పట్టలేదు. వచ్చి చెప్పిన రోజు పట్టింది.

ఇండ్లల్ల మెషిన్ ఉన్న అక్కలు ఎవరైనా, పాత కట్టర్లు తుక్కులో వేయకముందు ఒక ఆదివారం మా ఇంటికి తీసుకొని రండి. నేర్పిస్తాను. పైసలు వద్దు. ఒక నోటు పుస్తకం, ఒక పెన్ను మాత్రం తెచ్చుకోండి.