దరువు పుట్టించినోడు తిరిగొచ్చిండు

డప్పు సప్పుడు వింటూ పెరిగినోళ్లం మనం. దరువు ఒకరిదైతే పేరు ఇంకొకరికి పోవుడు మనకు కొత్త కాదు. అందుకే ఈపొద్దు అమెరికా నల్లజాతి డ్రమ్మర్ కెన్నీ క్లార్క్ ముచ్చట చెప్పుకుందాం.

ఆ రోజుల్లో జాజ్ డ్రమ్మర్లు చాలామంది కాలితో పెద్ద డ్రమ్మును ఆగకుండ తొక్కెటోళ్లు. క్లార్క్ ఆ నడకను కంచు సింబల్ మీదికి ఎక్కించిండు. పెద్ద డ్రమ్మును అదును చూసి, ఎవరూ అనుకోనికాడ ఒక్క దెబ్బ వేసెటోడు. దానికి ‘బాంబు’ అని పేరొచ్చింది. ఇదంతా 1940ల మొదట్ల, న్యూయార్క్ హార్లెంలో, మింటన్స్ ప్లేహౌస్‌ల.

1943ల సైన్యం పిలిచింది. నల్లోళ్లను వేరే దళాల్ల పెట్టిన సైన్యమది. ఆ పద్ధతి ఆపాలని ట్రూమన్ ఉత్తర్వు ఇచ్చేసరికి 1948 అయింది.

1945 నవంబర్‌ల చార్లీ పార్కర్ ‘కోకో’ రికార్డు చేసిండు. డ్రమ్ముల మీద మాక్స్ రోచ్. క్లార్క్ ఇంకా యూనిఫాంలనే ఉన్నడు. మేం పేపర్ల రాసెటోళ్లం. ఈ తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే గుండె కలుక్కుమన్నది. రోచ్‌ది తప్పంటలేం. ఆయన ఆ దరువును ఇంకింత ముందుకు తీస్కపోయిండు.

1946ల క్లార్క్ తిరిగొచ్చిండు. తను మొదలువెట్టిన వాయింపు అప్పటికే ఊరంత పాకింది. ఇంట్ల ఒక్కడే కొట్టుకునుడు వేరు, పది బాకాల నడుమ కొట్టుడు వేరు. డిజ్జీ గిలెస్పీ పెద్ద బ్యాండుల మళ్ల కూసున్నడు. సైన్యంల దోస్తయిన పియానో కళాకారుడు జాన్ లూయిస్‌ను గూడ అండ్లకే తోల్కొచ్చిండు.