ముందు మన తప్పు చెబుదాం



ఇవాళ పట్టాలు అందుకున్న మీలో ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడుతూ పెరిగినవాళ్లు ఎందరో. 1898లో రాజపాళయంలో పుట్టిన పి.ఎస్. కుమారస్వామి రాజా మీలాంటి ఇంటి బిడ్డే. 1949 నుంచి ఉమ్మడి మద్రాసు రాష్ట్రాన్ని ముఖ్యమంత్రిగా ఏలిన ఆయన, 1952 ఎన్నికల్లో ఆ పదవిలో ఉండగానే ఓడిపోయారు. అయినా ఊరు ఆయన్ను మరవలేదు. తాను కాపురమున్న ఇంటినే గాంధీ కళా మండ్రం అనే కళాసంస్థకు ఇచ్చేసిన మనిషి ఆయన. నాయకుణ్ణి కొలవాల్సింది ఇలాంటి ఇవ్వడంతోనే.

ఊళ్లు చీలిపోయినప్పుడూ ముందు కావాల్సింది ఆ ఇవ్వడమే. కానీ అక్కడ మనం చేసే పెద్ద పొరపాటొకటి ఉంది. దెబ్బ తిన్నవాణ్ణే పిలిచి, "పోనీలే, మరిచిపో" అంటాం. అది అన్యాయం. క్షమించడం అతని ఇష్టం, అతని హక్కు. అడిగేవాడు ముందు ఏదో ఒకటి వదులుకోవాలి.

1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో జరిగింది అదే. తెలంగాణ పల్లెల్లో భూమి కోసం నెత్తురు పారిన రోజులవి. నడిచి వచ్చిన గాంధీ శిష్యుడు వినోబా భావే దళితవాడకు వెళ్లి, మీకేం కావాలని అడిగారు. ఎనభై ఎకరాలన్నారు వాళ్లు. ఇవ్వగలవాళ్లు ఎవరైనా ఉన్నారా అని ఊరివాళ్లను అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి లేచి నూరెకరాలు ఇస్తానన్నారు. భూదానం అలా మొదలైంది. నిజం దాచకూడదు: ఆ తర్వాత దేశమంతటా దానమిచ్చిన భూముల్లో చాలావరకు సాగుకు పనికిరానివో, పేదల చేతికి చేరనివో. మాట ఇచ్చి నెరవేర్చకపోతే పాత గాయం మళ్లీ రేగుతుంది.

దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష పాలన నాటి నేరాలపై డెస్మండ్ టూటూ అధ్యక్షుడిగా నడిచిన సత్య, సయోధ్య సంఘం కూడా నేరం చేసినవాళ్లు నిజమంతా చెబితేనే శిక్ష తప్పించింది. క్షమించి తీరాలని బాధితులను బలవంతపెట్టలేదు.

రేపు మీలో కొందరు అధికారులవుతారు, కొందరు పంచాయతీల్లో కూర్చుంటారు. మీ ఊళ్లో పాత గొడవతో మాటలు ఆగిపోయిన వీధులుంటే, ఈ సెలవుల్లోనే అవతలి వీధికి వెళ్లండి. మీ వీధివాళ్లు చేసిన తప్పును మీ నోటితో ముందు చెప్పండి. అవతలివాళ్లు చెప్పేది అడ్డు తగలకుండా వినండి. వాళ్లు అడిగినదాంట్లో మీరు చేయగలిగిన పని ఒక్కటున్నా, పూర్తయ్యేదాకా చేయండి.